పదకొండు మిల్లీమీటర్ల లోటు

నీటిపారుదల శాఖ ఉద్యోగుల్లో మానసిక ఒత్తిడి పెరిగిపోతోందని ప్రధాన కార్యాలయం వారికి ఎవరు చెప్పారో తెలియదు. చెప్పినవాళ్లు మా తంపరవలస డివిజన్ ఆఫీసును మాత్రం చూసి ఉండరు. మా దగ్గర ఒత్తిడి అంటూ ఉంటే అది మధ్యాహ్నం మూడున్నరకి టీ రానప్పుడు వచ్చేదే. ఏమైతేనేం, జనవరిలో ఒక సర్క్యులర్ దిగింది. పేరు 'ఒక కార్యాలయం - ఒక అభిరుచి'. ప్రతి కార్యాలయమూ ఒక అభిరుచిని ఎంచుకుని, పదిహేను రోజుల్లో నిర్ణీత నమూనాలో తెలియజేసి, మంజూరు వచ్చిన తరువాత ఆనందించడం మొదలుపెట్టాలి. మంజూరుకు ముందే ఆనందించిన వారిపై క్రమశిక్షణ చర్యలు ఉంటాయని చివరి పేరాలో ఉంది.

మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఈఈ) వైకుంఠరావు గారు సిబ్బందినంతా హాల్లోకి పిలిచారు. ఆయన మాట్లాడితే ఫైల్లో నోట్ చదువుతున్నట్టే ఉంటుంది.

"సదరు పథకం పూర్తిగా ఐచ్ఛికం. అయితే అందరూ ఐచ్ఛికంగా ఒకే అభిరుచికి రావాలి. తోటపనిని పక్క డివిజన్ వారు ఇప్పటికే పట్టేశారు. మనకు ఏం మిగిలిందో సాయంత్రంలోగా తేల్చండి."

నేను చెయ్యెత్తాను. నా పేరు దివాకర పట్నాయక్. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని. నాకు ఫొటోగ్రఫీ పిచ్చి. అంటే ఫొటోలు తీశానని కాదు, కెమెరా ఎంచుకునే దశలో ఉన్నాను. ఆ దశ అప్పటికి ఏడాదిన్నరగా నడుస్తోంది. ఏ బాడీకి ఎన్ని మెగాపిక్సెళ్లు, ఏ లెన్సు ఎంత చీకట్లో పనిచేస్తుంది, జూమ్ మంచిదా జూమ్ లేనిది మంచిదా అన్న విషయాల మీద నేను చూడని వీడియో లేదు. విశాఖపట్నం వెళ్లినప్పుడల్లా కెమెరా షాపులో అద్దాల అల్మారా ముందు గంటసేపు నిలబడి, ఆ షాపాయనకే నాలుగు విషయాలు చెప్పి వచ్చేవాణ్ణి. "ఇంతకీ ఒక్క ఫొటో అన్నా తీశారా?" అని మా ఆవిడ అడిగేది. ఈ రంగంలో లోతు తెలియనివాళ్లు అలాంటి ప్రశ్నలే అడుగుతారు.

నమూనా నేనే నింపాను. ఒక డీఎస్ఎల్ఆర్ కెమెరా బాడీ, దానికి మూడు లెన్సులు. గుంపు ఫొటోలకు 18-55 మిల్లీమీటర్లది, ముఖాలు అందంగా రావడానికి 50, రిజర్వాయరు మీద వాలే కొంగలకు 70-300. ఏడాదిన్నర చదువు ఇవాళ్టికి సార్థకమైందనిపించింది. తొమ్మిదో గడిలో 'ఈ అభిరుచి వలన కార్యాలయానికి కలుగు ప్రయోజనం' అని ఉంది. ఏదో ఒకటి రాయకపోతే పైవాళ్లు మంజూరు చెయ్యరు. 'పదవీ విరమణ చేయు సిబ్బంది పింఛను పత్రాలకు కావలసిన జంట ఫొటోలు ఇకపై కార్యాలయంలోనే తీయవచ్చును' అని రాశాను. ఆ వాక్యానికి ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకుంటాను.

ఎందుకంటే ఆ ఏడాది రిటైరయ్యేది ఒక్కడే, అసిరయ్య. ముప్పై మూడేళ్ల సర్వీసు. కాలువ గట్ల మీద తిరుగుతూ ఏ పొలానికి ఎంత నీరు వదలాలో చూసే లష్కరు పని చేశాడు. మోకాళ్లు అరిగాక ఆరేళ్లుగా ఆఫీసులో ఉన్నాడు. జూన్ ఆఖరికి అతనికి అరవై రెండు నిండుతాయి. పింఛను కాగితాలు చూసేది నేనే. వాటికి మొగుడూ పెళ్లామూ పక్కపక్కన ఉన్న ఫొటో మీద ఆఫీసు పెద్ద సంతకం చెయ్యాలి. ఆ ఫొటో లేకపోతే అతనికి పింఛను రాదు. అతను పోయాక ఆవిడకూ రాదు.

నేను ముందే చెప్పడంతో అసిరయ్య ఫిబ్రవరిలోనే భార్య గవరమ్మను తీసుకుని బజార్లో స్టూడియోకి వెళ్లి ఫొటో తీయించుకొచ్చాడు. వెనక తెర మీద జలపాతం, ముందు ఇద్దరూ బిగుసుకుని కూర్చున్నారు. గవరమ్మ ముక్కుపుడకతో సహా కనిపిస్తోంది.

"పెళ్లయ్యి నలబై యేళ్లయినాది బాబూ. ఇలగ పక్కన కూకోడం ఇదే మొదులు" అన్నాడు అసిరయ్య. "అది సిగ్గుపడి సచ్చిపోనాది."

ఫొటోని ఫైలుకి గుచ్చి లోపలికి పంపాను. అదే వారం కెమెరా మంజూరు ఉత్తర్వు వచ్చింది. షరతులు ఏడు. నాలుగో షరతు ఇలా ఉంది: 'తొమ్మిదవ గడిలో పేర్కొన్న ప్రయోజనము విధిగా నెరవేర్చవలెను. జంట ఫొటోలు కార్యాలయ కెమెరాతో మాత్రమే తీయవలెను.'

వైకుంఠరావు గారు నన్ను పిలిచారు. ఆయన బల్ల మీద ఎడమ పక్క ఉత్తర్వు, కుడి పక్క జలపాతం.

"పట్నాయక్ గారూ, ఇది బయటి ఫొటో."

"స్టూడియో ఫొటో సార్. ఇద్దరూ బాగా పడ్డారు."

"బాగా పడటం వేరు, నిబంధనల మేరకు పడటం వేరు. శాఖాపరమైన సదుపాయం ఉండగా బయటివారిని ఆశ్రయించడం ఆక్షేపణీయం."

"సదుపాయం ఇంకా రాలేదు కదా సార్? పోనీ నా సెల్‌ఫోనుతో ఇక్కడే తీసేస్తాను."

"సెల్‌ఫోన్ అభిరుచి కిందికి రాదు. వ్యసనం కిందికి వస్తుంది." ఆయన ఫొటో విప్పి నా చేతిలో పెట్టారు. "కెమెరా వచ్చేవరకు సదరు ఫైలు పెండింగులో ఉంచండి."

నాకు పెద్దగా బాధ కలగలేదు, నిజం చెప్పాలి. కెమెరా నెల రోజుల్లో వస్తుంది, అసిరయ్య రిటైరయ్యేందుకు నాలుగు నెలలుంది. పైగా ఆ ఫొటో 50 లెన్సుతో నేనే తీస్తానని, గవరమ్మ ముఖం వెనక అంతా మెత్తగా కలిసిపోయి, ఆ స్టూడియో జలపాతం దిష్టి తీసినట్టు వదిలిపోతుందని అప్పుడే ఊహించుకున్నాను కూడా.

టెండరు ఢిల్లేశ్వరరావుకి వచ్చింది. అతను మా డివిజన్‌కి తూము తలుపులూ, గట్లకు రాళ్లూ సరఫరా చేసే కాంట్రాక్టరు. కెమెరాను ఎన్నడూ ముట్టనివాడే గాని, తక్కువకు కోట్ చేసింది అతనే. మాట తప్పడు. నేను రాసిచ్చినవన్నీ విశాఖ నుంచి తెచ్చి, సిమెంటు గోనెలో భద్రంగా చుట్టి నా బల్ల మీద పెట్టాడు. గోనె నేనే విప్పాను. నల్లటి బాడీ, మూడు లెన్సులు, అద్దాల్లో ఊదారంగు మెరుపు. చెయ్యి చాపాను.

"ముట్టుకోకండి!" అన్నాడు అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) తవిటినాయుడు. "ఎం-బుక్ అవలేదు."

మా శాఖ సంగతి తెలియనివాళ్లకు ఎం-బుక్ గురించి చెప్పాలి. అది కొలతల పుస్తకం. గట్టు వేసినా, గుంట తవ్వినా, ఏఈ వెళ్లి పొడవూ వెడల్పూ లోతూ కొలిచి అందులో రాయాలి. రాస్తే పని జరిగినట్టు. రాయకపోతే ఆ గట్టు మీద మనం నిలబడి ఉన్నా సరే, గట్టు లేనట్టు. శాఖకు వచ్చే ఏ వస్తువైనా ఆ పుస్తకంలోంచి నడిచి రావలసిందే.

తవిటినాయుడు మంచి కుర్రాడు. దేవుడి ముందు కూడా అబద్ధం చెప్పడు, ఎం-బుక్ ముందు అసలే చెప్పడు. స్టీలు టేపు తీసి ముందు 18-55 లెన్సును కొలిచాడు.

"డెబ్బై అయిదు" అన్నాడు. తరువాత దాన్ని మెలితిప్పాడు. ముందుకు సాగింది. "ఇప్పుడు తొంబై మూడు. పద్దెనిమిదీ కాదు, యాబై అయిదూ కాదు. ఒకే వస్తువుకి రెండు కొలతలేటండీ? ఏది రాయమంటారు?"

"నాయుడు గారూ, ఆ మిల్లీమీటర్లు లెన్సు పొడవు కావండి."

"మిల్లీమీటర్లు పొడవు కాకపోతే బరువేటండీ?"

నేను నోరు తెరిచేలోగా 70-300 కొలిచేశాడు. నూట నలభై మూడు. పెదవి విరిచాడు. మూడు వందలు రాసి నూట నలభై మూడు సరఫరా చేసిన కాంట్రాక్టర్లను మా డివిజన్‌లో అందరూ చాలామందిని చూశారు గాని, ఇంత పట్టపగలు చూడలేదు. ఢిల్లేశ్వరరావు ముఖం తెల్లబోయింది. "అట్టమీద మూడొందలనే ఉన్నాది బాబూ! సీలు కూడా నాను తియ్యలేదు!" అని గోనె మీద కొట్టి ప్రమాణం చేశాడు. చివరికి 50 లెన్సు కొలిచారు. ముప్పై తొమ్మిది వచ్చింది.

మర్నాడు ఈఈ గారి గదిలో విచారణ. నేను ఆయన ఫైళ్లు చదువుకునే భూతద్దం అడిగి తీసుకుని, కిటికీలోంచి పడుతున్న ఎండలో పట్టుకున్నాను. కింద ఒక కాగితం పెట్టాను.

"చూడండి సార్. అద్దంలోంచి వచ్చిన వెలుగంతా ఇదుగో, ఇక్కడ చుక్కలా కలుస్తోంది. అద్దానికీ ఆ చుక్కకీ మధ్య దూరం ఎంతో, దాన్నే మిల్లీమీటర్లలో చెబుతారు. కెమెరా లెన్సుకి యాభై అంటే అదే. గొట్టం పొడవు కాదు."

కాగితంలోంచి పొగ లేచింది. అది పక్క డివిజన్ నుంచి వచ్చిన రిమైండరు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఈఈ గారు ఆ చుక్కను చాలాసేపు చూశారు. నాకు ఆశ పుట్టింది.

"అంటే మీరు కొలవమంటున్నది ఈ అద్దానికీ ఆ కాగితానికీ మధ్యనున్న ఖాళీని."

"అవును సార్!"

"గాలిని."

"ఒక రకంగా... అవును సార్."

"గాలిని కొలిచి పుస్తకంలో ఎక్కించి బిల్లు చెల్లించమంటారా, పట్నాయక్ గారూ? రేపు ఆడిట్ వారు వచ్చి, ఆ యాభై మిల్లీమీటర్లు ఎక్కడున్నాయో చూపించమంటే ఎవరు చూపిస్తారు?"

మా డివిజన్‌లో గాలిని కొలిచి గట్టుగా రాసిన ఎం-బుక్కులు అరడజను ఉన్నాయని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. కాని నా ఇంక్రిమెంటు కాగితం కూడా ఆయన బల్ల మీదే ఉంది. తల వంచుకున్నాను.

ఉత్తర్వులు వెలువడ్డాయి. 18-55: నిలకడ లేని వస్తువు, తిరస్కరించడమైనది. 70-300: నూట యాభై ఏడు మిల్లీమీటర్ల లోటు, సంజాయిషీ కోరడమైనది. 50: పదకొండు మిల్లీమీటర్ల లోటు. సవరించదగిన పరిధిలో ఉన్నందున కాంట్రాక్టరు తన సొంత ఖర్చుతో సదరు లోటును పూడ్చవలెను.

ఈ ఉత్తరప్రత్యుత్తరాలు నడిచేసరికి జూన్ వెళ్లిపోయింది. ముప్పయ్యో తారీఖున అసిరయ్యకు శాలువా కప్పి, పూలదండ వేసి, గోడ గడియారం ఇచ్చి పంపించాం. జూలై ఒకటిన పదింటికి అతను మళ్లీ వచ్చి తన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇంటికాడేటి సేస్తాను బాబూ. పించనొచ్చీదాక ఇక్కడే ఉంటాను" అన్నాడు. ఎవరూ అడగకుండానే టీకి వెళ్లొచ్చాడు.

ఆగస్టులో గవరమ్మ కూరగాయల గంప నెత్తికెత్తుకుందని తెలిసింది. ఆ తొమ్మిదో గడి నేను నింపి ఉండకపోతే ఏప్రిల్లోనే ఆ కాగితాలు అయిపోయేవి. రాత్రిళ్లు చూసే కెమెరా వీడియోలు మానేశాను. ఒకరోజు ధైర్యం చేసి, 'కార్యాలయ కెమెరా అందుబాటులో లేదు' అని ధ్రువపత్రం ఇస్తే స్టూడియో ఫొటోయే వాడుకుంటామని నోట్ పెట్టాను. 'కెమెరా కార్యాలయ బీరువాలో ఉన్నది. లేదని ధ్రువీకరించుట అసత్యమగును' అని తిరిగొచ్చింది. అది నిజమే. ఆ బీరువా తాళం నా దగ్గరే ఉండేది.

సెప్టెంబరులో ఢిల్లేశ్వరరావు నవ్వు ముఖంతో వచ్చాడు. లోటు పూడ్చేశాడట. చూద్దును కదా, లెన్సు మొదట్లో, అంటే అది కెమెరాకు తగులుకునే చోట, నీళ్ల గొట్టం ముక్కను పదకొండు మిల్లీమీటర్లకు కోసి, ఎంసీల్ పెట్టి అతికించి, నల్ల రంగు వేయించాడు.

"ముందేపు పెడితే ఊడిపోద్ది బాబూ. పునాదికాడ పెట్టినాం. గునపంతో కొట్టినా రాదు."

తవిటినాయుడు కొలిచాడు. సరిగ్గా యాభై. ఎం-బుక్‌లో రాసి, కింద గీత గీసి, సంతకం పెట్టాడు. ఆ క్షణం నుంచి మా ఆఫీసుకు కెమెరా ఉన్నట్టు లెక్క.

కెమెరా ఉంది గాని చూపు పోయింది. లెన్సును బాడీకి ఆ మాత్రం దూరం జరిపితే దూరపు వస్తువు దానికి ఆనదు. జానెడు దూరంలో ఉన్న చీమ కాళ్లు లెక్కపెట్టొచ్చు. అంతకు మించి దూరంలో ఏదున్నా మసకే. ఈ సంగతి ఈఈ గారికి చెప్పాను.

"అయితే జానెడు దూరం నుంచే తీయండి."

"అంత దగ్గర్నుంచి తీస్తే అసిరయ్య మీసంలో సగం పడుతుంది సార్. జంట పడదు."

"అయితే దూరం నుంచే తీయండి. నిర్ణయం తీసుకోవడానికి ఇంత దేనికి?"

ముహూర్తం పెట్టారు. 'అభిరుచి ప్రారంభోత్సవం' అని బ్యానరు కట్టారు. కెమెరాకు బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు లెన్సు మీద చల్లబోతే నేను అడ్డం పడ్డాను. అసిరయ్య తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. గవరమ్మ గంప పక్కింట్లో దింపి, స్టూడియోకి కట్టుకున్న చీరే కట్టుకుని వచ్చింది.

"ఓలమ్మా, ఎంతమందున్నారో!" అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "బాబూ, ముక్కుపుడక అగుపిస్తాదా?"

మొదటి ఫొటో ఈఈ గారు తీయాలి కాబట్టి ఆయనే తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ప్రింటు వచ్చింది. తెల్లగా ఒక మచ్చ, పక్కన వంకాయ రంగులో ఇంకో మచ్చ. పైన చెరొక గోధుమరంగు చుక్క. వానలో బస్సు అద్దంలోంచి చూసినట్టుంది. ఈఈ గారు దాన్ని తలకిందులుగా పట్టుకుని ఆకుపచ్చ సిరా పెన్ను తీశారు. నేను తిప్పి పెట్టాను.

"సార్, ముఖాలు కనబడటం లేదు."

"ఇద్దరున్నారా?"

"ఉన్నారు సార్."

"పక్కపక్కన ఉన్నారా?"

"ఉన్నారు."

"వారెవరో నాకు తెలుసా?"

"తెలుసు సార్."

"తెలిసిన అధికారి ధ్రువీకరించడం కోసమే కదా అటెస్టేషన్! ముఖాలే కనబడితే ఇక నేనెందుకు?" అని సంతకం చేసి, రబ్బరు స్టాంపు దించారు. స్టాంపు మాత్రం ప్రతి అక్షరమూ తేటగా పడింది.

ఫైలు పైకి వెళ్లింది. ఎవరైనా వెనక్కి పంపుతారని భయపడ్డాను. ఎవరూ పంపలేదు. ఫొటో సైజు సరిపోయింది, సిరా ఆకుపచ్చదే, కెమెరా ఎం-బుక్ పేజీ నంబరు జతపరిచి ఉంది. నవంబరు మొదటి వారానికల్లా పింఛను ఉత్తర్వు పుస్తకం వచ్చేసింది. మూడో పేజీలో ఆ రెండు మచ్చలూ అతికించి ఉన్నాయి. ఇక సబ్ ట్రెజరీకి వెళ్లి, ఫొటోలో ఉన్నది తామేనని అక్కడి అకౌంటెంటుకి ఒకసారి చూపించుకుంటే చాలు, డబ్బు పడుతుంది. నేను సెలవు పెట్టి వాళ్ల వెంట వెళ్లాను.

అకౌంటెంటు పెద్దాయన. సోడాబుడ్డి కళ్లద్దాలు. పుస్తకం తెరిచి ఫొటో చూశాడు. అసిరయ్యను చూశాడు. గవరమ్మను చూశాడు. మళ్లీ ఫొటో చూశాడు. ఇలా నాలుగుసార్లు అయ్యాక పుస్తకం మూశాడు.

"పోలిక లేదండి."

"ఏటి బాబూ?" అన్నాడు అసిరయ్య.

"ఇందులో ఉన్నవాళ్లు మసకగా ఉన్నారు. మీరు స్పష్టంగా ఉన్నారు. తేడా ఉంది. ఎలా చెయ్యను?"

నేను జేబులోంచి జలపాతం ఫొటో తీసి బల్ల మీద పెట్టాను. జరిగిందంతా చెప్పాను, తొమ్మిదో గడితో సహా. ఆయన రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని నిట్టూర్చాడు.

"దీంట్లో వీళ్లున్నారు గాని సంతకం లేదు. దాంట్లో సంతకం ఉంది గాని వీళ్లు లేరు. నేనేం చేసేదండి, నాకూ ఉద్యోగం కావాలి కదా."

అసిరయ్య పుస్తకం తీసుకోవడానికి చెయ్యి చాపాడు. ముప్పై మూడేళ్లు గట్ల మీద తిరిగినవాడికి తనెవరో రుజువు చేసుకోవడం రాలేదు. గవరమ్మ మాత్రం కదల్లేదు. ఫొటోలో ఎలా కూర్చోవాలో అలాగే, భుజాలు బిగించి, మొగుడి పక్కన, అకౌంటెంటుకి ఎదురుగా నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు.

పెద్దాయన ఆవిడను కాసేపు చూశాడు. అటూ ఇటూ చూశాడు. పక్క సీట్లో ఎవరూ లేరు. కళ్లద్దాలు తీసి, కండువా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకోకుండా బల్ల మీద పెట్టాడు. పుస్తకం తెరిచాడు. ఫొటోను చూశాడు. తలెత్తి, కళ్లు చికిలించి, వాళ్లిద్దరినీ చూశాడు.

"ఆఁ" అన్నాడు. "అచ్చం ఇలాగే ఉన్నారు. ఇద్దరూ."

సంతకం చెయ్యాల్సిన గీత ఎక్కడుందో బొటనవేలితో తడుముకుని, అక్కడే పెట్టాడు.

బయటికొచ్చాం. అసిరయ్య పుస్తకాన్ని చొక్కా లోపల పెట్టుకుని మెట్లు దిగుతున్నాడు. నేను అకౌంటెంటుకి నమస్కారం పెట్టి రావలసిందని వెనక్కి తిరగబోతుంటే గవరమ్మ నా చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది.

"బాబూ, యేటేటా ఇలగొచ్చి అగుపించాలంట గాదా?"

"అవునమ్మా. బతికే ఉన్నారని చూపించాలి."

ఆవిడ కిటికీలోంచి లోపలున్న పెద్దాయన వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"వచ్చీ యేడు కూడా ఈ బాబే ఉంటాడా, కళ్లు బాగా అగుపించీ వోడెవడైనా వస్తాడా?"